గట్టు తెంచితే ఉగ్రవాదమా?

పచ్చదనం కోసం రంపాలకు అడ్డం పడుకున్నవారున్నారు. యంత్రాలకు నిప్పు పెట్టినవారూ ఉన్నారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టి 'పర్యావరణ ఉగ్రవాదులు' అనవచ్చా? అమెరికాలో పుట్టిన ఈ ప్రశ్న అక్కడే ఆగిపోలేదు. శ్రీహరికోట పక్కనున్న పులికాట్ సరస్సు ఒడ్డున నిలబడి చూసినా అదే ప్రశ్న ఎదురవుతుంది.

సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డెక్కితే కాసేపటికి నేల కనిపించడం మానేస్తుంది. అటూ నీళ్లే, ఇటూ నీళ్లే. నడుమ నల్లగా తారురోడ్డు. చలికాలంలో వెళ్తే మోకాలి లోతు నీళ్లలో ఫ్లెమింగోలు తలలు ముంచి మేత వెతుక్కుంటూ ఉంటాయి. దూరం నుంచి చూస్తే సరస్సు మీద ఎవరో గులాబీరంగు చీర ఆరేసినట్టుంటుంది. రోడ్డు చివర దీవి మీద అంతరిక్ష కేంద్రం. అక్కడి నుంచి 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్ ఎగిరింది. ఆ తర్వాత చంద్రుడి దాకా వెళ్లినవీ అక్కడి నుంచే బయల్దేరాయి.

ప్రయోగం రోజున ఊళ్లకు ఊళ్లే మేడలెక్కి ఆకాశంలోకి చూస్తాయి. ఆ రోజుల్లో చుట్టుపక్కల పల్లెల జాలర్లు మాత్రం వేటకు వెళ్లకుండా పడవలు ఒడ్డున కట్టేసుకుంటారు. అదేం వాళ్లకు కొత్తకాదు. ఆకాశం వైపు చూసేవాళ్లకు కింద నీళ్లలో ఏం జరుగుతోందో కనిపించకపోవడం కూడా కొత్తకాదు.

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, కొద్ది భాగం తమిళనాడులో ఉంది. ఒకప్పుడు నెల్లూరు జిల్లాగా ఉన్న ఈ ప్రాంతం 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. సరస్సు పెద్దదే కానీ లోతు తక్కువ. సముద్రపు నీరు ముఖద్వారాల గుండా లోపలికి వస్తూ పోతూ ఉంటేనే దానికి ప్రాణం. వాన నీరు, ఉప్పు నీరు సరైన పాళ్లలో కలిస్తేనే చేప, రొయ్య, పీత. ఆ పాళ్లు తప్పితే వల ఖాళీ, కడుపూ ఖాళీ.

అలాంటి చోటికి ఒకరోజు డాలర్ల రొయ్య వచ్చింది.

రొయ్య తెచ్చిన రొక్కం

1980ల చివర్లో మొదలై 1990ల తొలి సంవత్సరాలకు నెల్లూరు తీరం మొత్తం రొయ్యల చెరువులతో నిండిపోయింది. టైగర్ రొయ్యకు జపాన్, అమెరికాల్లో గిరాకీ. ఎకరా వరి పండిస్తే వచ్చేదానికి ఎన్నో రెట్లు ఒక్క పంట రొయ్యల్లో కళ్లజూడొచ్చన్నారు. పొలాలు చెరువులయ్యాయి. నగరాల నుంచి కంపెనీలొచ్చాయి. పల్లెల్లో కొత్త మోటారుసైకిళ్లు, కొత్త మేడలు లేచాయి. ప్రభుత్వం దానికి 'నీలి విప్లవం' అని పేరు పెట్టుకుని మురిసిపోయింది.

రొయ్యల సాగు ఎలా సాగుతుందో తెలిస్తే గొడవ ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది. సముద్రం నుంచో వాగు నుంచో ఉప్పునీటిని మోటార్లతో తోడి చెరువు నింపుతారు. పిల్లల్ని వదిలి మేత వేస్తారు. తినగా మిగిలిన మేత, రొయ్యల విసర్జన, రోగం రాకుండా వేసే మందులు అన్నీ ఆ నీళ్లలోనే చేరతాయి. నీళ్లు పాడవకుండా కొంత తీసేసి కొత్తవి పెడుతూ ఉండాలి. తీసేసిన ఆ మురుగు మళ్లీ వాగులోకే, సరస్సులోకే. చెరువులో నిలిచిన ఉప్పునీరు మెల్లగా భూమిలోకి దిగుతుంది. పక్క పొలం చౌడుబారుతుంది. ఊరి బావిలో నీళ్లు ఉప్పుతేలతాయి. అడవి రొయ్యపిల్లల కోసం సన్నకన్ను వలలు వేస్తే వాటితోపాటు పడ్డ మిగతా చేపపిల్లలన్నీ ఒడ్డున ఎండి చస్తాయి. చుట్టూ కంచె వేసేసరికి తాతల నాటి నుంచి సముద్రానికి నడిచిన దారి మూసుకుపోతుంది.

నెల్లూరు జిల్లాలోని కుర్రు అనే జాలరి గ్రామంలో ఇదే జరిగింది. చెరువుల వల్ల భూగర్భజలం ఉప్పగా మారి, ఆరువందల మంది మత్స్యకారులకు తాగేందుకు నీళ్లే లేకుండా పోయాయి. ఆడవాళ్లు బిందెలతో రోడ్డెక్కాకే ట్యాంకర్లు వచ్చాయి. ఈ సంగతి సుప్రీంకోర్టు తీర్పులో చోటు చేసుకుంది. దేశ అత్యున్నత న్యాయస్థానం రికార్డులకు ఎక్కిన నీటి బిందెలవి!

ఎనభై దాటిన సత్యాగ్రహి

ఆ తీర్పు వెనక ఉన్న మనిషి పేరు ఎస్.జగన్నాథన్. తమిళనాడు గాంధేయవాది. 1914లో పుట్టారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. వినోబా భావే భూదానోద్యమంలో నడిచారు. 1968 డిసెంబరు 25న కీళ్వెణ్మణిలో 44 మంది దళితులు సజీవదహనమయ్యాక ఆయన, భార్య కృష్ణమ్మాళ్ ఆ ప్రాంతానికే తరలివెళ్లి భూమిలేని కూలీలకు భూములు ఇప్పించే పనిలో పడ్డారు. తీరా పొలం చేతికొచ్చే వేళకు పక్కనే రొయ్యల చెరువులు వెలిశాయి. ఇచ్చిన పొలాలు ఉప్పుబారడం మొదలైంది.

అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు. అయినా మళ్లీ సత్యాగ్రహానికి దిగారు. ఊరేగింపులు, నిరాహారదీక్షలు, అరెస్టులు. ఇదంతా చేస్తూనే 1994లో సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఆయన తరఫున వాదించింది పర్యావరణ కేసుల్లో పేరుమోసిన న్యాయవాది ఎం.సి.మెహతా. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 'నీరి' నిపుణులు కోర్టు ఆదేశంతో తీరమంతా తిరిగి నివేదికలిచ్చారు.

1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. తీర నియంత్రణ మండలిలో పారిశ్రామిక పద్ధతి రొయ్యల చెరువులు ఉండటానికి వీల్లేదు. ఉన్నవాటిని 1997 మార్చి 31లోగా కూల్చేయాలి. పనివాళ్లకు ఆరేళ్ల జీతం అదనపు పరిహారంగా ఇవ్వాలి. పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలి. సంప్రదాయ పద్ధతిలో చేసుకునేవారికి మాత్రం మినహాయింపు.

వీటితోపాటు మరోమాట... చిలికా, పులికాట్ సరస్సుల చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువు పెట్టకూడదు! వెదురుపట్టు, నేలపట్టు పక్షి కేంద్రాల పేర్లు కూడా అందులో రాశారు. ఎక్కడో సైబీరియా వైపు నుంచి వచ్చే పక్షికీ, సూళ్లూరుపేట పక్కన వల విసిరే జాలరికీ ఒకే వాక్యంలో న్యాయం దొరికింది.

కాగితం మీద.

మార్చి 31 దాటిపోయింది

తీర్పు రాగానే చెరువుల యజమానులు గగ్గోలెత్తారు. వాళ్ల గోడు పూర్తిగా కాదనలేనిది. అప్పటికే 1994-95లో తెల్లమచ్చల వైరస్ చెరువుల్ని ఊడ్చిపెట్టేసింది. పెద్ద కంపెనీలు సర్దుకుని వెళ్లిపోయాయి. మిగిలింది చాలావరకు ఉన్న నాలుగెకరాలు తాకట్టుపెట్టి చెరువు తవ్విన చిన్నరైతులు. కూల్చమంటే వాళ్లేమైపోవాలి? ఎగుమతుల డాలర్లేమైపోవాలి?

రివ్యూ పిటిషన్లు పడ్డాయి. 1997 మార్చిలో తీర్పు అమలుపై స్టే వచ్చింది. అదే నెలలో రాజ్యసభ ఆక్వాకల్చర్ బిల్లుకు ఆమోదం తెలిపింది. చివరికి 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. తీర నియంత్రణ నిబంధనల నుంచి రొయ్యల సాగును తప్పించింది. కొత్త చెరువులకు దూరం పాటు గీత నుంచి 200 మీటర్లుగా నిర్ణయించి, అప్పటికే ఉన్నవాటికి రక్షణ కల్పించింది. కూల్చమన్న చోట క్రమబద్ధీకరణ జరిగింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. 1997 ఏప్రిల్ 1 ఉదయం పులికాట్ ఒడ్డున ఒక జాలరి నిలబడి ఉన్నాడనుకుందాం. ఎదురుగా కోర్టు కూల్చమన్న చెరువు. గడువు నిన్నటితో తీరింది. చేతిలో గునపం ఉంది. నాలుగు పోట్లు పొడిస్తే గట్టు తెగుతుంది. పొడవవచ్చా?

జగన్నాథన్‌ను అడిగితే వద్దనేవారు. ఆయన మార్గం తన ఒంటిమీద దెబ్బ తినడమే కానీ ఎదుటివాడి గట్టు మీద దెబ్బ వేయడం కాదు. 2013లో 98 ఏళ్ల వయసులో కన్నుమూసేవరకు ఆ మాట తప్పలేదు. కానీ ప్రపంచంలో అందరూ జగన్నాథన్‌లు కారు. గునపం పట్టినవాళ్లూ ఉన్నారు. వాళ్ల కథ మరో దేశంలో మొదలైంది.

రంపానికి మేకు అడ్డం

1975లో ఎడ్వర్డ్ ఆబీ అనే అమెరికన్ రచయిత ఒక నవల రాశారు. ఎడారిని పాడుచేస్తున్న రోడ్లు, ఆనకట్టల మీద కసితో బుల్డోజర్లను చెడగొట్టే నలుగురు మిత్రుల కథ. ఆ స్ఫూర్తితో 1980లో 'ఎర్త్ ఫస్ట్!' అనే సంస్థ పుట్టింది. పేరులోనే ఆశ్చర్యార్థకం. ఉత్తరాలు రాసి, వినతిపత్రాలిచ్చి విసిగిపోయిన కుర్రకారు దాని బలం. చెట్లెక్కి నెలల తరబడి దిగకుండా కూర్చునేవారు. కొందరైతే చెట్ల మానుల్లోకి పొడవాటి ఇనుప మేకులు దిగ్గొట్టేవారు. మేకు ఉందంటే రంపం పళ్లు విరుగుతాయని కంపెనీ ఆ చెట్టు జోలికి రాదు. అదీ లెక్క.

లెక్క తప్పింది. 1987లో కాలిఫోర్నియాలోని ఒక కోతమిల్లులో దుంగలోని మేకు తగిలి రంపం ముక్కలై ఓ యువ కార్మికుడి ముఖం చీరుకుపోయింది. మేకు కొట్టింది ఎవరో తేలనేలేదు. కానీ గాయపడింది కంపెనీ యజమాని కాదు, కూలివాడు. ఆ తర్వాత ఉద్యమంలోనే చీలిక వచ్చింది. ఉత్తర కాలిఫోర్నియా నాయకురాలు జూడీ బారీ 1990లో మేకుల పద్ధతిని బహిరంగంగా తిరస్కరించారు. అడవినీ, అడవిలో కూలికెళ్లేవాడినీ కలిపి కాపాడకపోతే అది ఉద్యమమే కాదని ఆమె వాదన.

విచిత్రం చూడండి. అదే ఏడాది మే 24న ఆమె కారులోనే బాంబు పేలింది. తీవ్రంగా గాయపడి ఆస్పత్రిలో ఉన్న మనిషిని, ఆ బాంబు నీదేనంటూ పోలీసులు అరెస్టు చేశారు. ఆధారాలు దొరక్క కేసు పెట్టలేకపోయారు. 1997లో ఆమె క్యాన్సర్‌తో మరణించారు. 2002లో జ్యూరీ తీర్పు చెప్పింది... ఎఫ్‌బీఐ, ఓక్లాండ్ పోలీసు అధికారులు ఆమెకు, ఆమె సహచరుడికి 44 లక్షల డాలర్లు చెల్లించాలని! బాంబు పెట్టిందెవరో మాత్రం తేలలేదు.

'ఎకో టెర్రరిజం' అనే మాటను వాడుకలోకి తెచ్చింది రాన్ ఆర్నాల్డ్. పరిశ్రమల పక్షాన పర్యావరణ ఉద్యమాలను ఎదిరించిన రచయిత. 1983లో ఒక పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన ఈ పేరు పెట్టారు. ఎవరు పెట్టారన్నది తెలిస్తే ఎవరికి పనికొచ్చిందో తెలుస్తుందంటారు విమర్శకులు.

అయితే పేరుకు తగ్గ పనులు చేసినవాళ్లూ లేకపోలేదు. 1992లో బ్రిటన్‌లో పుట్టి అమెరికాకు పాకిన 'ఎర్త్ లిబరేషన్ ఫ్రంట్'కు ఆఫీసు లేదు, నాయకుడు లేడు, సభ్యత్వం లేదు. రాత్రికి రాత్రి వచ్చి నిప్పు పెట్టి పోవడమే. 1998 అక్టోబరులో కొలరాడోలోని వెయిల్ స్కీయింగ్ విడిదిని తగలబెట్టారు. లింక్స్ అనే అడవిపిల్లి ఉండే చోటికి విడిదిని విస్తరిస్తున్నందుకట. నష్టం కోటీ ఇరవై లక్షల డాలర్లు.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికాలో ఉగ్రవాదం అన్న మాట బరువు మారిపోయింది. 2002 ఫిబ్రవరిలో ఎఫ్‌బీఐ అధికారి ఒకరు అక్కడి పార్లమెంటు కమిటీ ముందు లెక్క చెప్పారు. 1996 నుంచి ఈ బృందాలు, జంతు విముక్తి బృందాలు కలిసి 600కు పైగా నేరాలు చేశాయనీ, నష్టం 4.3 కోట్ల డాలర్లకు మించిందనీ. 2005 చివర్లో 'ఆపరేషన్ బ్యాక్‌ఫైర్' పేరిట అరెస్టులు మొదలయ్యాయి. 2007లో శిక్షలు వేసేటప్పుడు కొందరికి ఉగ్రవాద నేరం కింద శిక్ష పెంచారు. వాళ్ల నిప్పుల్లో ఒక్క మనిషి కూడా చనిపోలేదని సమర్థకులు వాదించారు. ఆర్పడానికి వెళ్లే అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలకు ఎవరు పూచీ అని ప్రాసిక్యూటర్లు అడిగారు.

రెండు ప్రశ్నలూ సరైనవే.

పడవను ముంచింది ప్రభుత్వమే!

నాణేనికి రెండోవైపూ ఉంది. 1985 జులై 10 రాత్రి న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ రేవులో గ్రీన్‌పీస్ వాళ్ల 'రెయిన్‌బో వారియర్' ఓడ రెండు పేలుళ్లతో మునిగిపోయింది. పసిఫిక్‌లో ఫ్రాన్స్ అణు పరీక్షలకు అడ్డుపడేందుకు అది బయల్దేరబోతోంది. ఓడలో ఉన్న ఫొటోగ్రాఫర్ ఫెర్నాండో పెరీరా చనిపోయారు. బాంబులు పెట్టింది ఫ్రాన్స్ గూఢచారులని తేలింది. రక్షణమంత్రి రాజీనామా చేయాల్సి వచ్చింది.

1988లో బ్రెజిల్‌లో రబ్బరు కార్మికుడు చికో మెండిస్‌ను ఇంటి గుమ్మంలో కాల్చిచంపారు. 1995లో నైజీరియాలో చమురు కాలుష్యాన్ని ఎదిరించిన రచయిత కెన్ సారో వీవాను ఉరితీశారు. 2012 నుంచి 2023 వరకు ప్రపంచంలో రెండువేల వందమందికి పైగా పర్యావరణ, భూమి హక్కుల కార్యకర్తలు హత్యకు గురయ్యారని 'గ్లోబల్ విట్‌నెస్' సంస్థ లెక్కకట్టింది. ఉగ్రవాదమంటే మనుషుల్ని భయపెట్టడమే అయితే ఈ లెక్క ఎవరి ఖాతాలో రాయాలి?

మన గడ్డ మీద...

మన దగ్గర పంటకు నిప్పు పెట్టిన ఉదంతం ఉంది. 1998 నవంబరులో కర్ణాటక రాష్ట్ర రైతు సంఘం రాయచూరు జిల్లాలో ప్రయోగాత్మకంగా వేసిన బీటీ పత్తిని పీకి తగలబెట్టింది. నాయకుడు ప్రొఫెసర్ నంజుండస్వామి. దానికి 'దహనసంస్కారం' అనే అర్థమొచ్చే పేరే పెట్టారు. అమెరికా కుర్రాళ్లలా ముసుగులేసుకుని రాత్రిపూట రాలేదు. ముందే ప్రకటించి, పత్రికలవాళ్లను పిలిచి, పట్టపగలు చేశారు. చేసినపనికి పేరు పెట్టుకుని నిలబడ్డారు. సత్యాగ్రహానికీ విధ్వంసానికీ మధ్య గీత అక్కడే ఉందని ఆయన అనుచరుల నమ్మకం. అయినా 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చింది. ఆ తర్వాత మన పత్తిచేలన్నీ అదే.

శ్రీకాకుళం జిల్లా సోంపేటది ఇంకో కథ. అక్కడి 'బీల' అంటే వానాకాలం నీళ్లు నిలిచే చిత్తడి నేల. చుట్టుపక్కల ఊళ్లకు చేప, గడ్డి, సాగునీరు అన్నీ అదే. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెడతామన్నారు. జనం నిరాహారదీక్షలు చేశారు, కోర్టులకెళ్లారు. 2010 జులై 14న పనులు మొదలుపెట్టేందుకు పోలీసు బలగాలతో వస్తే ఊళ్లు అడ్డంగా నిలబడ్డాయి. కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదేరోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దుచేసింది! ఉదయం తూటాకు బలైనవాళ్లు చెప్పిందే నిజమని ఆ రోజే కాగితం మీద తేలింది. 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లా కాకరాపల్లిలో మరో థర్మల్ కేంద్రం విషయంలో మళ్లీ కాల్పులు, మళ్లీ రెండు ప్రాణాలు.

2016లో పశ్చిమగోదావరి జిల్లా తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దన్న పల్లెల్లో 144 సెక్షన్ పెట్టారు. ఆందోళనకారులపై హత్యాయత్నం కేసులు నమోదయ్యాయి. తమిళనాడులోని కూడంకుళంలో అణువిద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించిన వేలమంది జాలర్లపై రాజద్రోహం కేసులు పెట్టారు. కేసులు ఉపసంహరించుకునే ప్రయత్నం చేయాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2021 ఫిబ్రవరిలో బెంగళూరు యువతి దిశా రవిని రైతు ఉద్యమ సమాచార పత్రం వ్యవహారంలో రాజద్రోహం కింద అరెస్టు చేశారు. పది రోజుల్లోనే ఢిల్లీ కోర్టు బెయిలిచ్చింది. ప్రభుత్వంతో విభేదించినంత మాత్రాన జైల్లో పెట్టకూడదన్నది ఆ ఉత్తర్వు సారాంశం.

మన చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టంలో ఉగ్రవాద చర్య నిర్వచనం పెద్దది. దేశ సమగ్రత, భద్రతలకు ముప్పు తేవాలనో, ప్రజల్ని భయభ్రాంతుల్ని చేయాలనో చేసే పనుల్లో ఆస్తి ధ్వంసాన్నీ, సమాజానికి అవసరమైన సరఫరాలను అడ్డుకోవడాన్నీ చేర్చారు. బిందెలతో రోడ్డెక్కిన ఆడవాళ్లు దాని కిందికి రారు, నిజమే. కానీ పదం పెద్దదయ్యేకొద్దీ చిన్నచేపలు కూడా వలలో పడే ప్రమాదం ఉంటుంది. వలకన్ను సంగతి జాలర్లకు చెప్పాలా?

ప్రభుత్వం తెంచిన గట్లు

మళ్లీ గట్టు దగ్గరికే వద్దాం. కొల్లేరులో 2006లో వేల ఎకరాల చేపలచెరువుల గట్లను తెంచేశారు. తెంచింది ఉగ్రవాదులు కాదు, అధికారులు. అభయారణ్యంగా ప్రకటించిన సరస్సులో ఆక్రమణలు తొలగించమన్న సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు పొక్లెయిన్లు పెట్టి మరీ తెంచారు. దాని పేరు 'ఆపరేషన్ కొల్లేరు'. పెద్దల చెరువులతోపాటు సొసైటీల్లో చిన్నచిన్న వాటాలున్న పేద మత్స్యకారుల బతుకులూ ఆ నీళ్లలోనే కలిశాయి. కొన్నాళ్లకు చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి.

అదే గట్టు. అదే పని. కోర్టు కాగితం చేతిలో ఉంటే పునరుద్ధరణ. లేకపోతే నేరం. సమాజం సాగాలంటే ఆ తేడా ఉండాల్సిందే. ఎవరికి తోచిన గట్టు వాళ్లు తెంచుకుంటూ పోతే రేపు సరస్సును కాపాడే గట్టును కూడా ఇంకెవడో తెంచుతాడు. కానీ కాగితం ఉండీ అమలు కాకపోతే? ఆ ఖాళీలోంచే గునపం పుడుతుంది.

ఫ్రాన్స్‌లో ఈ మధ్య జరిగిందీ చెరువు గొడవే. సెంత్ సోలీన్ అనే ఊళ్లో పెద్ద రైతుల సాగు కోసం భూగర్భజలం తోడి నింపే భారీ చెరువులు తవ్వుతుంటే 2022 అక్టోబరులో వేలమంది అడ్డుకోబోయారు. పోలీసులతో ఘర్షణ జరిగింది. అక్కడి హోంమంత్రి దాన్ని 'పర్యావరణ ఉగ్రవాదం' అనేశారు. 2023 జూన్‌లో ప్రభుత్వం ఆ ఉద్యమ సంస్థను రద్దుచేసింది. నవంబరులో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ రద్దును కొట్టేసింది. ఆస్తికి నష్టం చేయమని సంస్థ పురిగొల్పిన మాట నిజమే కానీ, దానికి మొత్తం సంస్థనే రద్దుచేయడం మోతాదు మించిన శిక్ష అంది. తప్పును తప్పనీ, శిక్ష మోతాదును మోతాదనీ విడదీసి చెప్పిన ఆ తీర్పు ఈ చర్చలో అందరూ చదవదగింది.

ఎవరి నష్టం, ఎవరి భయం?

ఇంతకీ గీత ఎక్కడ గీయాలి? ఈ విషయంలో తలపండినవాళ్లు మూడు ప్రశ్నలు వేసుకోమంటారు. దెబ్బ ఎవరికి తగిలింది... వస్తువుకా, మనిషికా? చేసినవాడు ముఖం చూపించాడా, దాచుకున్నాడా? చేసేముందు మిగతా దారులన్నీ మూసుకుపోయాయా?

ఈ కొలబద్దతో చూస్తే మూడు హత్యలు చేసి, 23 మందిని గాయపరిచిన 'యునాబాంబర్' కజిన్‌స్కీ అడవి గురించి ఎన్ని మాటలు చెప్పినా హంతకుడే. చెట్టెక్కి కూర్చున్న అమ్మాయి ఉగ్రవాది కాదు. నడుమ ఉన్నవాళ్లతోనే చిక్కు. ఖాళీ భవనానికి నిప్పు పెట్టినవాడు నేరస్తుడే, అందులో అనుమానం లేదు. ఉగ్రవాదా అన్నదే సందేహం. దొంగను దొంగ అనాలి. హంతకుడు అంటే అసలు హంతకుడికి ఏ మాట మిగులుతుంది?

చెరువు యజమాని వైపు నుంచీ ఆలోచించాలి. రాత్రికి రాత్రి గట్టు తెగి మూడునెలల పంట వాగుపాలైతే అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడతాడు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఉన్నది భయమే. అది ఏ కారణంతో వచ్చినా భయం భయమే. అలాగే బావి ఉప్పుబారిన ఇంట్లోనూ ఉన్నది భయమే. తేడా ఏమిటంటే మొదటిది ఒక్కరాత్రిలో వస్తుంది కాబట్టి కేసవుతుంది. రెండోది పదేళ్లపాటు చుక్కచుక్కగా వస్తుంది కాబట్టి కేసు కాదు.

గొడవ చేయని కాపలాదారులు

పులికాట్ చుట్టూ ఇంకోరకం మనుషులు కూడా ఉన్నారు. వెదురుపట్టులో పక్షులు ఇళ్లమధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఊరివాళ్లు కొమ్మ నరకరు, రాయి విసరరు. పక్షులొస్తే వానలొస్తాయనీ, వాటి రెట్ట కలిసిన చెరువునీళ్లు పైరుకు బలమనీ తరాల నమ్మకం. నేలపట్టు 1976లో అభయారణ్యమైంది. అంతకుముందు నుంచే ఆ పక్షులకు ఊరే కాపలా. వీళ్లనెవరూ ఉద్యమకారులనరు. వీళ్లు కూడా అనుకోరు.

శ్రీహరికోట దీవిలో యానాదులుండేవారు. అడవిలో తేనె, దుంపలు, మందుమొక్కలు ఏరుకుని, వాగుల్లో చేపలు పట్టుకుని బతికేవారు. ఒకప్పుడు బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసుకు వెళ్లిన కట్టెల వెనక వాళ్ల చెమట ఉంది. 1970 ప్రాంతంలో రాకెట్ కేంద్రం కోసం దీవిని ఖాళీ చేయించినప్పుడు వాళ్లు గునపం పట్టలేదు, బిందెలతో రోడ్డెక్కనూలేదు. మూటలు కట్టుకుని వెళ్లిపోయారు. కోర్టు రికార్డుల్లో కుర్రు ఆడవాళ్ల బిందెలున్నట్టు వీళ్ల మూటలు లేవు. గమ్మత్తేమిటంటే రాకెట్ కేంద్రం కంచె వల్లే దీవిలో ఆ అడవి ఇప్పటికీ మిగిలింది. అడవి బతికింది. అడవితో బతికినవాళ్లు మాత్రం బయట మిగిలారు. ఏది లాభమో ఏది నష్టమో ఒక్క మాటలో తేల్చడం కష్టమే.

సరస్సు ఇవాళ్టికీ నిశ్చింతగా ఏమీ లేదు. ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతున్నాయి. రోడ్డు కట్ట సరస్సును రెండుగా చీల్చిందన్న ఫిర్యాదు పాతదే. దక్షిణాన తమిళనాడు వైపు కాట్టుపల్లి రేవు విస్తరణను జాలరి పల్లెలు ఏళ్లుగా వ్యతిరేకిస్తున్నాయి. ఊరేగింపులు, వినతిపత్రాలు, పడవల మీద నల్లజెండాలు. ఇప్పటిదాకా జగన్నాథన్ బాటే.

ఆ బాట మీద నడిచేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు గమ్యం కనిపించాలి. తీర్పు వచ్చినప్పుడు అది అమలు కావాలి. బహిరంగ విచారణ పెట్టినప్పుడు వాళ్ల మాట వినాలి. అది జరిగినన్నాళ్లూ గునపం పెరట్లోనే ఉంటుంది. గునపం పట్టినవాడికి ఏ పేరు పెట్టాలని చర్చించేకంటే, అతను దాన్ని పట్టేదాకా ఎందుకు తెచ్చామని అడగడం తేలిక. చవక కూడా.

వచ్చే చలికాలం సూళ్లూరుపేటలో మళ్లీ పక్షుల పండగ జరుగుతుంది. పిల్లల్ని తీసుకుని జనం వస్తారు. బైనాక్యులర్లు పెట్టుకుని ఫ్లెమింగోలను చూస్తారు. ఒక్కసారి ఆ బైనాక్యులర్లను కాస్త పక్కకు తిప్పితే, అదే నీళ్లలో నడుములోతున నిలబడి వల లాగుతున్న మనిషి కూడా కనిపిస్తాడు.